గినీ పందుల గోత్రాలు

నా ఇంటిపేరు గేదెల, ఉద్యోగం గినీ పందుల దగ్గర. ఈ రెంటినీ కలిపి నవ్విద్దామని పదహారేళ్ళుగా ఊళ్ళో ప్రతివాడూ ప్రయత్నిస్తూనే ఉన్నాడు కనుక మీరు కొత్తగా శ్రమపడనక్కర్లేదు. మా ఆఫీసు పేరు సర్కారు చిరుజంతు సంవర్ధన కేంద్రం. నేను అందులో జూనియర్ అసిస్టెంట్ని. రిజిస్టర్లు నావి, జంతువులు పైడమ్మవి, సంతకాలు డైరెక్టరుగారివి.

గినీ పంది పంది కాదని ముందే మనవి చేసుకుంటున్నాను. అరచేతికి కాస్త పెద్దదిగా ఉంటుంది, తోక ఉండదు, గడ్డి తింటుంది, ఆకలేస్తే ఈల వేస్తుంది. ఇంత అమాయకమైన ప్రాణి కంటపడ్డాక ప్రభుత్వం ఊరుకుంటుందా? బడిపిల్లల్లో జీవకారుణ్యం పెంచాలని ఎవరికో బుద్ధి పుట్టి 'బడికో జంట' అని పథకం పెట్టారు. ఇరవై రెండేళ్ళ కిందట ఒక మగదాన్నీ మూడు ఆడవాటినీ బుట్టలో పెట్టి మా కేంద్రానికి తెచ్చారు. అవి పిల్లల్ని పెట్టాయి, ఆ పిల్లలు పిల్లల్ని పెట్టాయి, మేం బళ్ళకు పంపాం. ఆ బుట్ట తర్వాత బయటి ప్రాణి ఒక్కటంటే ఒక్కటి మా గేటు దాటి లోపలికి రాలేదు. బయటివాటివల్ల రోగాలొస్తాయని నిబంధన పదకొండు అడ్డం పడుకుని ఉంది.

అంటే ఏమైందో ఆలోచించండి. మా షెడ్డులో ఉన్న నూట నలభై ప్రాణులూ ఒకే తండ్రి సంతానం. అన్న, చెల్లెలు, మేనత్త, తాత అన్నీ ఒకే గంపలో. మొదట్లో కాన్పుకు నాలుగు పిల్లలు పుట్టేవి, పోనుపోను ఒకటి పుట్టడం గగనమైంది. వెనకకాలికి మూడు వేళ్ళుండాల్సిన చోట నాలుగు మొలిచేవి. కొన్ని తెల్లగా, కళ్ళు లేకుండా పుట్టి రెండో రోజుకే పోయేవి. బళ్ళనుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. ఒక హెడ్మాస్టరు ఇలా రాశాడు: "మీరు పంపిన జంటలో ఒకటి వచ్చిన రోజే పడుకున్నది. రెండవది దానిని చూచి పడుకున్నది. పిల్లలలో కారుణ్యము విపరీతముగా పెరిగి, తరగతులు జరుగుట లేదు."

ఆగస్టులో రాజధానినుంచి కాగితం వచ్చింది. ఫిబ్రవరిలో కమిషనరుగారు స్వయంగా తనిఖీకి వస్తారు. ఆరోగ్యమైన సంతానం ఒక్క బోనులోనైనా కనిపించకపోతే కేంద్రం మూత. ఉద్యోగులు వేరే ఆఫీసులకు, జంతువులు 'తగు రీతిన పరిష్కారమునకు', దినకూలీ సిబ్బంది ఇంటికి.

దినకూలీ సిబ్బంది అంటే పైడమ్మ ఒక్కతే. పంతొమ్మిదేళ్ళుగా షెడ్డు ఊడ్చేది, గడ్డి వేసేది, జామకాయ ముక్కలు తినిపించేది ఆవిడే. ఆవిడ అడుగు చప్పుడు వినగానే నూట నలభై గొంతులు ఈల వేసేవి. ఆవిడ ఉద్యోగం పర్మనెంటు చెయ్యాలన్న ఫైలు నా బీరువాలో ఎనిమిదేళ్ళుగా ఉంది. కాగితం సంగతి నేనే వెళ్ళి చెప్పాను.

"పరిస్కారమంటే ఏటి బాబూ?" అంది.

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆవిడకు అర్థమైంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఒళ్ళో ఉన్నదాని వీపు నిమురుతూ, "నా పని పోతే పోనీ. ఈ గుంటలేటి సేసినాయి? ఈల ఎయ్యడం తప్ప ఈటికేటి తెలుసు?" అంది. ఆ రోజు మధ్యాహ్నం టిఫిను కూడా సరిగా తినలేకపోయాను.

మాకు ఆ ఏడే కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు సువార్తగారు. చిన్న వయసు, పుస్తకం చదివి వచ్చిన మనిషి, ఇంకా ఆఫీసు గాలి సోకలేదు. ఆవిడ ఒక్క పేజీ నోటు రాశారు: "ఇవన్నీ దగ్గరి రక్తసంబంధులు. లోపాలన్నీ అందువల్లే. బయటినుంచి కొత్త మగవాటిని తెస్తే రెండు కాన్పుల్లో బాగుపడతాయి." అంతే. ఏడేళ్ళ బిడ్డకైనా అర్థమయ్యే నోటు. అందుకే దాని మీద సమావేశం పెట్టవలసి వచ్చింది.

డైరెక్టరు పరాంకుశంగారిది నిండైన విగ్రహం. మాట్లాడే ముందు బల్లమీది పేపరువెయిటును ఒకసారి తిప్పుతారు. పక్కన సూపరింటెండెంటు శేషాచలంగారు. డైరెక్టరుగారు సొంత అక్క కూతురినే పెళ్ళి చేసుకున్నారు, ఆ అమ్మాయి తమ్ముడే ఈ శేషాచలం. కనుక మేనల్లుడూ ఆయనే, బావమరిదీ ఆయనే. సంతకం అవసరమైతే 'సార్' అంటారు, సెలవు అవసరమైతే 'మావయ్యా' అంటారు.

"డాక్టరమ్మగారి నోటు సమగ్రంగా పరిశీలించాను," అన్నారు డైరెక్టరుగారు పేపరువెయిటు తిప్పి. "రక్తసంబంధం కూడదు. భేష్! కానీ దీనికి బయటికెందుకు పోవడం? మన పెద్దలు వేల ఏళ్ళ కిందటే పరిష్కారం చెప్పారు."

"ఏమిటండీ?" అన్నారు సువార్తగారు.

"గోత్రం."

శేషాచలంగారు చప్పట్లు కొట్టాలా వద్దా అని మావయ్య మొహం చూసి, కొట్టారు.

"వీటికి గోత్రాలు కేటాయిద్దాం. సగోత్రం నిషేధం. అంతటితో సమస్య సమసిపోతుంది."

"సార్, గోత్రం తండ్రినుంచి వస్తుంది కదండీ. వీటన్నిటికీ మూలపురుషుడు ఒక్కడే," అన్నారు సువార్తగారు.

"అది సాంకేతిక అభ్యంతరం. బోను వరసను బట్టి ఇచ్చేద్దాం. షెడ్డులో వరసలు నాలుగు, గోత్రాలు నాలుగు."

ఋషుల పేర్లు పెడితే మనోభావాలు దెబ్బతింటాయని శేషాచలంగారు హెచ్చరించారు. అందుకని కేంద్రానికి సేవచేసి రిటైరైన నలుగురు డైరెక్టర్ల పేర్లు పెట్టాలని తీర్మానమైంది. భీమశంకర గోత్రం, హయగ్రీవ గోత్రం, తాండవకృష్ణ గోత్రం. నాలుగో డైరెక్టరు దాక్షాయణిగారు. ఆడవారి పేరున గోత్రం ఎక్కడా లేదని చర్చ జరిగి, ఆవిడ భర్త పేరు పెట్టారు. ఆయన మా కేంద్రం గేటు కూడా చూసి ఎరగరు, ఆయనది సిమెంటు వ్యాపారం. మొత్తానికి ఆ వరస విశ్వమూర్తి గోత్రమైంది.

"తమరి పేరున కూడా ఒకటి ఉంటే బాగుండేది," అన్నారు శేషాచలంగారు.

"వరసలు నాలుగే కదోయ్," అన్నారు డైరెక్టరుగారు. ఆ మాటన్నప్పుడు ఆయన మొహం, విస్తరి ముందు కూర్చుని వడ్డన తన దాకా రాని పెళ్ళివారి మొహంలా ఉంది. అది నేను గుర్తుపెట్టుకున్నాను.

మర్నాడు సర్క్యులరు వెలువడింది. "కేంద్రమునందలి సకల జీవులకును గోత్రములు కేటాయించడమైనది. సగోత్రీకుల కలయిక ఇందుమూలముగా నిషేధించబడినది. ఉల్లంఘించిన జీవులపై తగు చర్య తీసుకొనబడును." అది చదివి పైడమ్మకు వినిపించమన్నారు, జంతువులకు కూడా వినిపించమన్నారు. వినిపించినట్టు పైడమ్మ వేలిముద్ర తీసుకున్నాను. గడ్డి రాలేదని జంతువులు ఈలలు వేశాయి. వాటి స్పందనను 'హర్షధ్వానములు' అని రికార్డు చేశాను.

"ఏటి బాబూ, ఈ సోద్యం? నిన్న దాకా అన్నదమ్ములు, ఇయ్యాల యియ్యంకులైపోనారా?" అంది పైడమ్మ.

అక్టోబరులో మొదటి చిక్కొచ్చింది. పైడమ్మ సన్యాసి అని పిలిచే ఒక ముసలి మగ గినీ పంది ఉండేవాడు. పేరుకు సన్యాసి గానీ షెడ్డులో సగం సంతానానికి తండ్రి. వాడిది భీమశంకర గోత్రం. ఏడో నంబరు బోనులో వాడి చెల్లెలి కూతుళ్ళు ఐదుగురు ఉన్నారు, వాళ్ళది హయగ్రీవ గోత్రం. గోత్రాలు వేరు కనుక శేషాచలంగారు సంబంధం ఖాయం చేశారు. సువార్తగారు పరుగున వచ్చారు.

"సార్, మేనమామకూ మేనకోడలికీ కలిపితే మళ్ళీ అదే రక్తం కదండీ. మనం తప్పించాలనుకున్నదే అది!"

డైరెక్టరుగారు పేపరువెయిటు తిప్పడం మరిచిపోయారు. "మేనరికం తప్పంటారా?"

"గినీ పందుల విషయంలో అంటున్నానండీ."

"అమ్మా, నేను మా అక్క కూతురినే చేసుకున్నాను. మా నాన్నగారు వాళ్ళ మేనమామ కూతురిని చేసుకున్నారు. మాకేం తక్కువైంది?"

అందరం శేషాచలంగారి వైపు చూశాం. ఎందుకు చూశామో నాకు తెలియదు. ఆయన ఆ సమయంలో పెన్ను మూత తెరవకుండా రాయడానికి ప్రయత్నిస్తున్నారు.

రెండో సర్క్యులరు ఆ సాయంత్రమే దిగింది. మేనమామకు తొలి హక్కు. బయటి గోత్రానికి ఆడపిల్లనిచ్చే పక్షంలో మేనమామనుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. పత్రం మూడు ప్రతులు. స్టాంపుప్యాడు మీద కాలు అద్ది ముద్ర వేయించాలి. నేను మొదటి పత్రం పట్టుకుని సన్యాసి దగ్గరికి వెళ్ళాను. వాడు పత్రం తినేశాడు. తినడం సమ్మతి కిందికి వస్తుందా, అభ్యంతరం కిందికి వస్తుందా అని స్పష్టత కోరుతూ రాజధానికి రాశాం. జవాబు ఇప్పటికీ రాలేదు.

ఇందులో ఒక చిన్న ఇబ్బంది ఉంది. ఆడ గినీ పందికి కలయికకు అనువైన సమయం పదహారు రోజులకోసారి వస్తుంది, అదీ ఒక్క పూట. మా ఫైలు నా బల్ల దగ్గర బయల్దేరి, సూపరింటెండెంటు బల్ల మీదుగా డైరెక్టరుగారి బల్ల చేరి, తిరిగొచ్చేసరికి ఇరవై రెండు రోజులు. అనుమతి చేతికొచ్చేసరికి ప్రతిసారీ ముహూర్తం దాటిపోయేది. ఈ విషయం సువార్తగారు వివరిస్తే, ఆడవాటి సమయపాలన మెరుగుపరచాలని డైరెక్టరుగారు ఫైలు మీద రాశారు. నవంబరు వచ్చేసరికి మా కేంద్రంలో పుట్టుకలు సున్నా. సగోత్ర దోషం కూడా సున్నా అని నివేదికలో గొప్పగా రాసుకున్నాం.

"ఇక మూతే," అన్నారు సువార్తగారు షెడ్డు మెట్ల మీద కూర్చుని. పైడమ్మ చీపురు మూలన పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడు ఆలస్యంగా వచ్చింది. పంతొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. చంకలో బుట్ట ఉంది.

ఊళ్ళో ఎగ్జిబిషన్ నడుస్తోంది. అందులో నంబర్లాట వాడొకడు ఉన్నాడు. చుట్టూ పన్నెండు నంబర్ల డబ్బాలు పెట్టి మధ్యలో గినీ పందిని వదులుతాడు, అది ఏ డబ్బాలో దూరితే ఆ నంబరువాడు గెలిచినట్టు. వాడి గినీ పందికి ఒక దురలవాటు పట్టుకుంది. ఎన్నిసార్లు వదిలినా ఏడో నంబరులోనే దూరేది. జనం కనిపెట్టేసి అందరూ ఏడు మీదే కాయడం మొదలెట్టారు.

"నా కొంప ముంచీసింది, తీసుకుపో తల్లీ అని ఒట్టినే ఇచ్చీసినాడు బాబూ," అంది పైడమ్మ, బుట్ట మూత తీసి. లోపల గోధుమరంగు మీద నల్లమచ్చలతో దిట్టంగా ఉన్న మగవాడు, నన్ను చూసి గడ్డం ఎగరేశాడు. ఎక్కడో దూరదేశపు మందలోంచి వచ్చినవాడు, మావాళ్ళెవరికీ వేలు విడిచిన చుట్టం కూడా కాడు.

"నిబంధన పదకొండు!" అన్నాను.

"నాను లోన పెట్టనా? నేల మీద దించుతాను, అంతే. ఆడి సిత్తం."

షెడ్డు కడగడానికి బోనుల తలుపులన్నీ తీసి ఉన్నాయి. దించింది. వాడు అటూ ఇటూ చూడలేదు. నంబరు బిళ్ళలు చూసుకుంటూ తిన్నగా నడిచి, ఏడో బోనులోకి వెళ్ళిపోయాడు. మేనమామ నిరభ్యంతర పత్రం కోసం ఎదురుచూస్తున్న ఐదుగురు ఆడవాళ్ళూ ఒక్కసారి ఈల వేశారు.

నేను వెనక్కి తిరిగి గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. ప్రభుత్వోద్యోగిగా అంతకుమించి ధైర్యం చెయ్యలేను.

రెండు నెలల పైచిలుకు పైవాళ్ళెవరికీ తెలియలేదు, తెలిసే అవకాశమూ లేదు. డైరెక్టరుగారు షెడ్డులోకి రావడం నా సర్వీసులో రెండుసార్లే చూశాను, ఒకసారి వాన పడి. సువార్తగారికి మొదటి వారంలోనే తెలిసింది. వచ్చి, చూసి, "నాకేమీ కనబడలేదు" అని చెప్పి, వాడి పళ్ళూ చెవులూ పరీక్షించి వెళ్ళారు. జనవరి చివర్న ఏడో బోనులో ఐదు కాన్పులు, పంతొమ్మిది పిల్లలు! పుట్టడమే కళ్ళు తెరిచి, ఒంటినిండా బొచ్చుతో వచ్చి, గంటలో గంతులు మొదలెట్టాయి. సువార్తగారు ప్రతి కాలూ పట్టుకుని వేళ్ళు లెక్కపెట్టి, చివరి పిల్ల దగ్గర ఏడ్చేశారు. పైడమ్మ ఆవిడ తల నిమిరి, ఆవిడా ఏడ్చింది. నేనెందుకు ఏడవాలి? కానీ ఏడ్చాను.

తనిఖీకి రెండు రోజుల ముందు తలలు లెక్కపెట్టడానికి వచ్చిన శేషాచలంగారు ఈ పంతొమ్మిదినీ పట్టుకున్నారు. నేరుగా రిజిస్టరు తెరిచి, తండ్రి గోత్రం కాలమ్ మీద వేలు పెట్టారు. ఖాళీగా ఉంది.

"ఇదేమిటయ్యా ఆదినారాయణా?"

"తెలియదండి," అన్నాను.

"తండ్రి గోత్రం తెలియని జీవాలు రిజిస్టరులోకి ఎక్కవు. రిజిస్టరులో లేని జీవాలు కేంద్రంలో ఉండవు."

వెంటనే విచారణ. పైడమ్మకు మెమో. మగవాణ్ణి డైరెక్టరుగారి గదిలో బల్ల మీద నిలబెట్టి వాంగ్మూలం కోరారు. "సదరు జీవి అడిగిన ప్రశ్నలకు మౌనము వహించి, పేపరువెయిటును వాసన చూచినది" అని నేనే రాసుకున్నాను. తీర్పు కూడా అయిపోయింది. ఉత్తర్వు టైపు కావడానికి మూడు రోజులు పడుతుంది కనుక, తనిఖీ ముగిసిన మర్నాడు మగవాడూ, పంతొమ్మిది పిల్లలూ, పైడమ్మా గేటు బయటికి.

"పెద్ద బుట్ట కొనుక్కోవాల," అంది పైడమ్మ. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదని చెబితే మా ఆవిడ నమ్మదు గానీ, నిజం.

తనిఖీ రోజు కమిషనరు దమయంతిగారు పొట్టిగా, చురుగ్గా ఉన్నారు. గోత్రాల చార్టు చూపిస్తూ డైరెక్టరుగారు నలభై నిమిషాలు మాట్లాడారు. ఆవిడ ఒక్కటే అడిగారు: "పిల్లలెక్కడ?"

ఒకటో బోనులో సన్యాసి నిద్రపోతున్నాడు. రెండులో నాలుగు వేళ్ళ ఆడది గోడ వైపు తిరిగి కూర్చుంది. మూడు, నాలుగు, ఐదు, ఆరు అన్నీ ముసలి మొహాలే. కమిషనరుగారు గడియారం చూసుకున్నారు. డైరెక్టరుగారి మెడ మీద చెమట కనిపించింది. అప్పుడు ఏడో బోను ముందుకొచ్చారు.

పంతొమ్మిదీ ఒకేసారి గంతులేశాయి. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుని నేల మీద కూర్చుండిపోయారు. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే అది ఆవిడ గాజులతో ఆడుకోవడం మొదలెట్టింది.

"ఎంత బాగున్నాయండీ! వీటిది ఏ గోత్రం?"

శేషాచలంగారు ఖాళీ కాలమ్ మీద అరచెయ్యి పెట్టారు. సువార్తగారు నోరు తెరవబోయి నన్ను చూశారు. నాకు పెళ్ళివిస్తరి దగ్గరి ఆ మొహం గుర్తొచ్చింది. ఆ సంగతి నేను పైడమ్మకు ఎప్పుడో చెప్పాను.

"డైరెక్టరు బాబు గోత్రమమ్మా," అంది పైడమ్మ. "పరాంకుశ గోత్రం. ఇదే మొదులు."

డైరెక్టరుగారు పైడమ్మను చూశారు. పంతొమ్మిది పిల్లల్నీ చూశారు. తర్వాత ఆయన మొహంలోకి వచ్చిన వెలుగు నేను ఏ ప్రమోషను రోజునా చూడలేదు.

"అవునండీ," అన్నారు గొంతు సవరించుకుని. "ఇది నా ప్రత్యేక పర్యవేక్షణలో... వినూత్న గోత్రావిష్కరణ."

ఆయన వాక్యం ముగిసేలోగా నేను శేషాచలంగారి అరచెయ్యి పక్కకు జరిపి కాలమ్ నింపేశాను. కేంద్రం కొనసాగుతుందని కమిషనరుగారు అక్కడే చెప్పారు. వీటిని పెంచిందెవరని అడిగారు. రిజిస్టరు అడుగున పట్టుకొచ్చిన పైడమ్మ ఫైలు తీసి ఏడో బోను మీద పెట్టాను. ఎనిమిదేళ్ళ ఫైలు, ఒక్క సంతకం, అయిపోయింది. పైడమ్మ ఆ సంతకాన్ని వేలితో తడిమి చూసుకుని, "ఆరలేదు బాబూ" అని ఊదుతూ నిలబడింది.

కథ ఇక్కడ ఆపితే మీకూ నాకూ సుఖం. కానీ ఆఫీసు ఆగదు కదా. వారం తిరక్కుండానే మూడో సర్క్యులరు వచ్చింది. "పరాంకుశ గోత్రము సర్వశ్రేష్ఠమని తనిఖీయందు రుజువైనందున, ఇకమీదట ఆ గోత్రపు మగజీవులే సంతానమునకు అర్హములు. గోత్ర ఔన్నత్యము దృష్ట్యా సగోత్ర నిషేధము ఎత్తివేయడమైనది. నిబంధన పదకొండు యథాతథము."

సువార్తగారు చదివి, వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. "మూడేళ్ళు. మళ్ళీ నాలుగు వేళ్ళు," అన్నారు.

మర్నాడు పైడమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. పర్మనెంటు అయ్యాక మొదటి సెలవు. పక్క జిల్లాలో ఎగ్జిబిషన్ పెట్టారట, ఇద్దరు నంబర్లాట వాళ్ళు వచ్చారట. చంకలో కొత్త బుట్ట ఉంది. సెలవు ఫారం నేనే నింపాను. కారణం దగ్గర 'వివాహము' అని రాశాను. కిందనే ఇంకో గడి ఉంది: 'వరునికి గల బంధుత్వము'.

పైడమ్మ వంగి చూసి, "అదేటి రాస్తారు బాబూ?" అంది.

నేను నీటుగా, ఒక్కో అక్షరం విడివిడిగా రాసి, సంతకానికి పంపాను: "వరుడు ఎవరికీ ఏమీ కాడు."